ఫేస్‌బుక్‌లో మా మిద్దెతోట గ్రూపు పలచబడిపోయింది, ఉంచాలా తీసేయాలా?

పెరటిగుమ్మం (కాకినాడ)

నమస్కారం అండీ. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి. 2014 వానాకాలంలో నేనూ ఇంకో ఇద్దరు స్నేహితురాళ్లూ కలిసి ఫేస్‌బుక్‌లో మిద్దెతోటల గ్రూపు ఒకటి మొదలుపెట్టాం. మొదట్లో మా అపార్టుమెంటువాళ్లు, మా ఆడపడుచులు, వాళ్ల తోడికోడళ్లు, అంతే. తర్వాత విజయవాడ, వరంగల్, కర్నూలు, బళ్లారి, బెంగళూరు ఇలా ఎక్కడెక్కడివాళ్లో వచ్చి చేరారు. 2020 లాక్‌డౌన్‌లో అందరూ ఇళ్లలోనే ఉన్నారు కదా, ఆ కొద్ది నెలల్లోనే 38 వేలు దాటాం. పొద్దున్న లేచేసరికి వందకు పైగా పోస్టులు మా ఆమోదం కోసం ఎదురుచూస్తూ ఉండేవి, కాఫీ చల్లారిపోయేది. నాటు చిక్కుడు, గుత్తి బీర, ఎర్ర బచ్చలి, ఎవరి దగ్గర ఏ విత్తనం ఉంటే అది కాగితంలో పొట్లం కట్టి, కవరులో పెట్టి పోస్టులో పంపుకునేవాళ్లం. ఒకరి మొహం ఒకరం చూసుకోకుండానే చుట్టాలమైపోయాం.

ఇప్పుడు సభ్యుల సంఖ్య అలాగే కనిపిస్తోంది గానీ రోజుకు నాలుగో ఐదో పోస్టులు వస్తున్నాయి, వాటిలో రెండు శుభోదయం బొమ్మలు. పిల్లలు ఇన్‌స్టాలో ఉన్నారు, పెద్దవాళ్లు యూట్యూబ్ చూస్తున్నారు, మిగిలినవాళ్లు వాట్సాప్‌లో. నాతోపాటు అడ్మిన్‌గా ఉన్న స్నేహితురాలు "ఇక్కడ ఇంకెవరున్నారే, దీన్ని ఆపేసి వాట్సాప్‌లో పెట్టుకుందాం" అంటోంది. తనది తప్పని అనలేను, రోజూ కూర్చుని మోసపు ప్రకటనలు తీసేసే పని ఎక్కువగా చేసేది తనే.

నాకు చేయి ఆడకపోవడానికి కారణం ఒకటుంది. మా గ్రూపులో తెనాలి వైపు ఒక మాస్టారు ఉండేవారు. బడిలో సైన్సు చెప్పి రిటైరయ్యారు. ఎవరు ఏది అడిగినా విసుక్కోకుండా రాసేవారు. బీర పాదుకి పిందెలు పడి రాలిపోతున్నాయని ఎవరైనా అంటే, "అమ్మా, మీరు పొద్దున్నే మగపువ్వు తెచ్చి రుద్దుతున్నారు, బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకుంటుంది, రెండిటికీ ఒకే వేళ పనికిరాదు, వెనకాల చిన్న పిందె ఉన్నదే ఆడపువ్వు" అని ఓపిగ్గా చెప్పేవారు. ఎన్ని వందలసార్లు చెప్పారో. 2021 మేలో కోవిడ్‌తో పోయారు.

పోయిన వారం సిద్దిపేట నుంచి ఒకావిడ గ్రూపులో "బీర పిందె" అని వెతికి, ఆయన 2018లో రాసిన కామెంటు చదివి, దాని కిందే రాశారు: "మాస్టారూ, మీరు చెప్పినట్టు సాయంత్రం చేశాను, ఆరు కాయలు నిలిచాయి, మీకు దండం." ఆయన లేరని ఆవిడకు తెలియదు. అది చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయాను.

అందుకే అడుగుతున్నాను. జనం వెళ్లిపోయిన ఇలాంటి చోట్లు నిజంగా ఇంకా ఎవరికైనా పనికొస్తున్నాయా, లేక మనసు ఒప్పుకోక పట్టుకు వేలాడుతున్నానా? మీరు మీ పాత చోట్లను ఏం చేశారు?


పాతసైకిల్ (హైదరాబాద్)

అమ్మా, ఆపేసే ముందు ఒక్కసారి నా సంగతి వినండి. నేను 2006 నుంచి ఆర్కుట్‌లో ఉన్నాను. 2004 జనవరిలో మొదలైన ఆ సైటు మన దేశంలోనూ బ్రెజిల్‌లోనూ ఆడినంతగా ఇంకెక్కడా ఆడలేదు. మా ఇంజినీరింగ్ బ్యాచి మొత్తం అక్కడే. ఒకరికొకరం రాసుకునే స్క్రాపులు, స్నేహితులు మన గురించి రాసే టెస్టిమోనియళ్లు, జిల్లాకో కమ్యూనిటీ, హీరోకో కమ్యూనిటీ. తెలుగులో టైపు చేయడం నేను నేర్చుకున్నది కూడా అక్కడ ఎవరో చెబితేనే. 2010, 2011 వచ్చేసరికి అందరం ఫేస్‌బుక్‌కి వెళ్లిపోయాం. చివరికి 2014 జూన్ 30న ప్రకటించి అదే ఏడాది సెప్టెంబరు 30న మూసేశారు. కావలసినవాళ్లు తమ ప్రొఫైలు, ఫొటోలు దింపుకోవడానికి ఆ తర్వాత కూడా చాలాకాలం గడువు ఇచ్చారు. నేను చేయలేదు. ఆ ఏడు ఉద్యోగం మారాను, ఇల్లు మారాను, రేపు చేద్దాం ఎల్లుండి చేద్దాం అనుకుంటూ వదిలేశాను. మా రూమ్మేటు ఒకడు 2009లో బైకు యాక్సిడెంటులో పోయాడు. వాడు నాకు రాసిన టెస్టిమోనియల్ ఒక్కటే వాడి మాటల్లో నాకు మిగిలిన జ్ఞాపకం. అది ఇప్పుడు ఎక్కడా లేదు.

కాబట్టి మీరు అడిగినదాన్ని నేను రెండుగా విడగొడతాను. జనం పోవడం వేరు, చోటు మూసేయడం వేరు. 2009 నుంచి 2014 దాకా ఆర్కుట్‌లో జనం పలచబడుతూ వచ్చారు, కానీ వెతికితే పాతవి దొరికేవి. మూసేసి, ఇచ్చిన గడువూ అయిపోయాక ఏదీ దొరకలేదు. మీరు ఇప్పుడు మొదటి దశలో ఉన్నారు. ఆ దశలో ఉన్నప్పుడే పని చేసుకోవాలి.

ఇంకో ఉదాహరణ చెబుతాను. 1990లలో అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు యూజ్‌నెట్ అనే పాతకాలపు ఇంటర్నెట్ చర్చావేదికలో సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు అనే చోట రాసుకునేవారు, తెలుగుని ఇంగ్లిషు అక్షరాల్లో ఆర్.టి.ఎస్. పద్ధతిలో. తర్వాత యాహూ గ్రూపుల్లో రచ్చబండ లాంటివి వచ్చాయి, ఛందస్సు మీదా వ్యాకరణం మీదా ఎంత చర్చ జరిగిందో అక్కడ. యాహూవాళ్లు 2019 చివర్లో పాత సందేశాలు తీసేస్తున్నామన్నారు, 2020 డిసెంబరు 15కి గ్రూపులే లేకుండా పోయాయి. ఎవరైనా ముందే నకలు తీసి పెట్టుకున్నవి తప్ప మిగిలినవి పోయినట్టే. చిత్రమేమిటంటే అంతకంటే పాతదైన యూజ్‌నెట్ రాతలు చాలావరకు గూగుల్ గ్రూప్స్‌లో ఇప్పటికీ చదవచ్చు. ఏది నిలుస్తుందో ఏది పోతుందో పాత, కొత్తలను బట్టి ఉండదు. నకలు ఎవరి దగ్గర ఉందో దాన్ని బట్టి ఉంటుంది.


గోరింటపొద (రాజమండ్రి)

ఉంచండి అక్కా. మీ గ్రూపేనేమో తెలియదు గానీ అలాంటిదే ఒకదానిలో నేను ఆరేళ్లుగా ఉన్నాను. ఒక్క పోస్టు పెట్టలేదు, ఒక్క కామెంటు రాయలేదు. ఆదివారం మధ్యాహ్నం పని అయ్యాక కూర్చుని పాతవి చదువుతాను. మా మేడ మీద ఉన్న నలభై కుండీలూ అలా చదివి పెట్టినవే. నాలాంటివాళ్లు ఎంతమంది ఉన్నారో మీ లెక్కలో కనిపించదు.


సీమకుర్రాడు (అనంతపురం)

నాకు 23 ఏళ్లు, అగ్రికల్చర్ బీఎస్సీ అయిపోయింది. మా వయసువాళ్ల మాట కూడా మీకు తెలియాలని రాస్తున్నాను, ఎవరూ బాధపడొద్దు. మా క్లాసులో ఫేస్‌బుక్ రోజూ తెరిచేవాళ్లు నాకు తెలిసి ఒక్కరూ లేరు. అకౌంటు చాలామందికి ఉంది, పదో తరగతిలో పెట్టుకున్నది. ఏదైనా గేమ్‌లోకి లాగిన్ అవడానికో, సెకండ్ హ్యాండు బండి చూడ్డానికో తెరుస్తాం. ఇది మా ఊరి సంగతి మాత్రమే కాదు. అమెరికాలో సర్వేలు చేసే ప్యూ రీసెర్చ్ సెంటర్‌వాళ్లు 13 నుంచి 17 ఏళ్ల పిల్లలను అడిగితే 2014-15లో 71 శాతం మంది ఫేస్‌బుక్ వాడుతున్నామన్నారు, అదే 2022లో అడిగితే 32 శాతం. ఏడెనిమిదేళ్లలో సగానికి పైగా పోయారు.

ఎందుకు పోయామంటే, మేము వచ్చేసరికే అక్కడ నాన్న ఉన్నాడు, పెదనాన్న ఉన్నాడు, మా పీఈటీ సార్ ఉన్నాడు. ఏది పెట్టినా సాయంత్రానికి ఇంట్లో తెలిసిపోతుంది. ఇంకొకటి, అక్కడ మా స్నేహితులు పెట్టినవి చూద్దామని వెళ్తే ఎవరో తెలియనివాళ్ల వీడియోలే ఎక్కువ. 2025 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లో ఫేస్‌బుక్, ఇన్‌స్టాల యజమాని మెటా కంపెనీ మీద గుత్తాధిపత్యం కేసు విచారణ జరిగినప్పుడు వాళ్ల తరఫువాళ్లే చెప్పారు, ఫేస్‌బుక్‌లో జనం గడిపే సమయంలో స్నేహితులు పెట్టినవి చూసేది 17 శాతమేనని. ఇన్‌స్టాలో అయితే 7 శాతం. అంటే మేము వెళ్లిన చోట కూడా స్నేహితులు లేరు, రీల్సే ఉన్నాయి. అది నాకు కూడా నచ్చడం లేదు.

కానీ నా చదువుకి సంబంధించి ఒక మాట చెప్పాలి. ఫైనల్ ఇయర్‌లో మమ్మల్ని పల్లెల్లో రైతుల దగ్గర ఉంచుతారు, అప్పుడు ఒక పెద్దాయన చిక్కుడు గురించి అడిగాడు. ఎండాకాలంలో పెట్టిన నాటు చిక్కుడు తీగ పందిరి నిండా అల్లుకుంది గానీ పూత లేదు, మందు చెప్పమన్నాడు. నేను ఇన్‌స్టాలో వెతికాను. ముప్ఫై సెకన్ల రీల్స్ బోలెడు, అన్నీ "ఈ ఒక్క నీళ్లు పోయండి, పూతే పూత" అనేవి. తర్వాత ఒక ఫేస్‌బుక్ గ్రూపులో 2016 నాటి చర్చ దొరికింది. నాటు చిక్కుడు పగలు పొట్టి అయితే గానీ పూతకు రాదు, చైత్రంలో పెట్టినా ఆషాఢంలో పెట్టినా కార్తీకం దాకా ఆగాల్సిందే, మందులు కొట్టి డబ్బు పోగొట్టుకోవద్దు అని ఎవరో రాశారు. మా పుస్తకంలో అదే విషయం ఫోటోపీరియడ్ అని ఉంది, నేను పరీక్షలో రాశాను కూడా. పందిరి కింద నిలబడితే మాత్రం గుర్తు రాలేదు. అక్కడ రైతు మాటలో ఉండేసరికి అర్థమైంది.

మేము మీ గ్రూపులో చేరం అక్కా, నిజం చెబుతున్నాను. అవసరం వచ్చినప్పుడు వచ్చి వెతుకుతాం. మీకు అది చాలా అనేది మీరే చెప్పాలి.


పెరటిగుమ్మం (కాకినాడ)

సీమకుర్రాడు బాబూ, దాపరికం లేకుండా చెప్పినందుకు సంతోషం. మా అబ్బాయి కూడా నీలాగే, నేను ఉన్నచోట వాడు ఉండడు. వచ్చి వెతుక్కుంటే నాకు చాలు, కానీ కొత్త ప్రశ్న వేస్తే జవాబు చెప్పేవాళ్లు కూడా ఉండాలి కదా, నా దిగులు అదే. పాతసైకిల్ గారూ, మీ స్నేహితుడి గురించి చదివి మనసు పిండేసినట్టయింది.


మగ్గంచప్పుడు (మంగళగిరి)

నేను కొంచెం వేరే మాట చెబుతాను, తప్పుగా తీసుకోవద్దు. మాది నేత కుటుంబం. చీరలు నేరుగా కొనేవాళ్లకు అమ్మడానికి 2015లో నేనూ ఒక పేజీ పెట్టాను. 2017, 2018 ప్రాంతంలో ఒక ఫొటో పెడితే సాయంత్రానికి యాభై మెసేజ్‌లు వచ్చేవి. ఇప్పుడు అదే చీర, అదే ఫొటో, పది లైకులు, వాటిలో ఆరు మా చుట్టాలవి. మా నాన్నకి నూలు కొనాలి, రంగు కొనాలి, మగ్గం ఆగితే కుదరదు. అందుకని పేజీ వదిలేసి వాట్సాప్ స్టేటస్‌లో పెడుతున్నాను, ఇన్‌స్టాలో అంచు నేస్తున్న వీడియో పెడుతున్నాను, పని నడుస్తోంది. పూట గడవడం జనం మీద ఆధారపడినప్పుడు జనం ఎక్కడుంటే అక్కడికే పోవాలి, పాత చోటు మీద ప్రేమ ఉన్నా సరే.

ఇంకో సంగతి. వదిలేసిన చోటు ఊరికే ఉండదు. నేను ఏడాదిపాటు ఒక పాత అకౌంటు తెరవలేదు. అందులోకి ఎవరో దూరి, పేరు అలాగే ఉంచి, మా పాత ఫొటోలే వాడుతూ చవగ్గా చీరలని చెప్పి అడ్వాన్సులు తీసుకున్నారు. ఇద్దరు పాత కస్టమర్లు మోసపోయారు, వాళ్లకు నా చేతి డబ్బుతో చీరలు పంపాను. మీరు గ్రూపు ఉంచదలిస్తే పూర్తిగా ఉంచండి, అంటే రోజూ కాకపోయినా రెండు రోజులకోసారి ఎవరో ఒకరు చూడాలి. రెండంచెల తాళం, అదే ఫోనుకు కోడ్ వచ్చేది, అడ్మిన్లందరూ పెట్టుకోవాలి. చూసే ఓపిక లేకపోతే కొత్త పోస్టులు ఆపేసి చదవడానికి మాత్రం ఉంచండి. తలుపులు బార్లా తీసి వెళ్లిపోవద్దు.


కరివేపరెమ్మ (డల్లాస్)

పెరటిగుమ్మం గారూ, వాట్సాప్‌కి మారదామంటున్న మీ స్నేహితురాలికి ఇది చూపించండి. ఇక్కడ మా తెలుగువాళ్లవి తోటల వాట్సాప్ గ్రూపులు మూడున్నాయి, మూడింట్లోనూ నేను ఉన్నాను. ప్రతి మార్చిలో అదే ప్రశ్న, గోంగూర విత్తనాలు ఎప్పుడు వేయాలి. ప్రతి నవంబరులో అదే ప్రశ్న, కరివేప కుండీ ఎప్పుడు ఇంట్లోకి తీసుకెళ్లాలి. మేమే చెప్పిందే చెబుతూ ఉంటాం, నాలుగో రోజుకి అది పుట్టినరోజు శుభాకాంక్షల కింద ఎక్కడో పూడిపోతుంది. కొత్తగా చేరినవాళ్లకు అంతకుముందు ఏళ్ల తరబడి నడిచినదంతా దొరకదు. పైగా ఒక గ్రూపులో 1,024 మందికే చోటు, మీ 38 వేలమందిని ఎన్ని ముక్కలు చేస్తారు?

నేను ఈ దేశం వచ్చిన కొత్తలో కరివేప మొక్క ఒకటి వేరే రాష్ట్రంలో ఉన్న మా పిన్ని దగ్గర నుంచి తెచ్చుకుందామనుకున్నాను. ఒక పాత ఫేస్‌బుక్ చర్చలో చూశాను, కరివేప నిమ్మజాతికి చుట్టం కాబట్టి సిట్రస్ సిల్లిడ్ అనే పురుగు దాని మీద పెరుగుతుందని, అది నిమ్మ, నారింజ తోటలను చంపే గ్రీనింగ్ తెగులును మోస్తుందని, అందుకే ఇక్కడ ఆ మొక్కలను చోటు మార్చడం మీద ఆంక్షలున్నాయని. అది చదవకపోతే తెలియక సూట్‌కేసులో పెట్టుకుని వచ్చేదాన్ని. ఇండియా నుంచి వచ్చేవాళ్లతో విత్తనాలు తెప్పించుకోవడం మీద కూడా నిబంధనలున్నాయని అక్కడే తెలుసుకున్నాను. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ అంతా గడ్డకట్టినప్పుడు, కరెంటు లేని ఇంట్లో దుప్పటి కప్పుకుని ఫోను చార్జింగు చూసుకుంటూ, మల్లె తీగను ఎలా కాపాడాలని వెతికింది కూడా అలాంటి గ్రూపులోనే. మంచు కురిసే చోట ఉన్న ఒకావిడ, పైన ఎండిపోయినా మొదలు గోకి చూడండి, లోపల పచ్చగా ఉంటే చిగురేస్తుంది అని ఎప్పుడో రాసి పెట్టింది. ఏప్రిల్లో చిగురేసింది.

ఆ రాసినావిడ ఇప్పుడు అక్కడ రాయడం లేదు. చూశాను.


నకలుప్రతి (విశాఖపట్నం)

పైన అందరూ మంచి మాటలు చెప్పారు, నేను చేయాల్సిన పని గురించి చెబుతాను. అంతకంటే ముందు ఒక చిన్న సవరణ. ఫేస్‌బుక్ మూతపడబోతోందని ఎవరూ టెన్షన్ పడనక్కర్లేదు. 2021 చివరి మూడు నెలల్లో రోజూ వాడేవాళ్ల సంఖ్య మొదటిసారి కాస్త తగ్గిందని 2022 ఫిబ్రవరిలో చెప్పగానే మెటా షేరు ఒక్కరోజులో 26 శాతం పడిపోయింది, అంతా అయిపోయిందన్నారు. తర్వాత మళ్లీ పెరిగింది, ఇప్పుడు నెలకు 300 కోట్లమందికి పైగా వాడుతున్నారు, అందరికంటే ఎక్కువమంది మన దేశంలోనే. చోటు కాదు తగ్గింది. మనిషి మనిషితో మాట్లాడుకోవడం తగ్గింది, దాని బదులు వీడియోలు చూడడం పెరిగింది. కొత్త చోటుకి పోతే గట్టిగా ఉంటుందనుకోవడం కూడా సరికాదు. మన దేశంలోనే పుట్టి తెలుగులోనూ రాసుకోనిచ్చిన, ట్విట్టర్ లాంటి "కూ" యాప్ 2020లో మొదలై 2024 జూలైలో మూతపడింది. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ని నిషేధించినప్పుడు మన పల్లెటూళ్ల కళాకారులు ఎంతమంది ఒక్క రాత్రిలో తమ వీడియోలకు దూరమయ్యారో గుర్తుంది కదా.

అయితే చోటు ఉన్నా అందులో భాగాలు పోతూ ఉంటాయి, ఇది చాలామంది పట్టించుకోరు. ఫేస్‌బుక్‌లో నోట్స్ అని ఉండేది, మన కవులు ఎంతమంది దాంట్లో పెద్ద పెద్ద వ్యాసాలు రాశారో. 2020 అక్టోబరు 31తో కొత్తవి రాయడం ఆపేశారు. 2025 ఫిబ్రవరి నుంచి లైవ్ వీడియోలు 30 రోజులే ఉంచుతామన్నారు, పాతవాటిని కూడా గడువు ఇచ్చి తీసేస్తామని చెప్పారు. మీ మాస్టారు గానీ ఇంకెవరైనా గానీ లైవ్‌లో అంటుకట్టడం లాంటివి చూపించి ఉంటే అవి ఇంకా ఉన్నాయా లేదా ఈ రాత్రే చూడండి.

ఇక మాస్టారి సంగతి. ఇది అన్నిటికంటే ముఖ్యం. చనిపోయినవారి అకౌంటును స్మారకంగా మార్చమని కుటుంబసభ్యులు అడగవచ్చు, అప్పుడు పేరు పక్కన ఆ సూచన వస్తుంది, వారు రాసినవన్నీ ఉంటాయి. కుటుంబం తెలియక అకౌంటును పూర్తిగా తీసేయమని అడిగితే మాత్రం మీ గ్రూపులో ఆయన రాసిన కామెంట్లు కూడా పోతాయి. చాలా కుటుంబాలు బాధలో ఉండి, దుర్వినియోగం అవుతుందన్న భయంతో తీసేయించేస్తాయి. కాబట్టి ఆయన పిల్లలు ఎవరైనా తెలిస్తే మాట్లాడండి. సిద్దిపేట ఆవిడ రాసిన మాట వాళ్లకు చూపించండి, మీరు ఇంకేమీ వివరించనక్కర్లేదు.

నకలు విషయానికి వస్తే, ఎవరి సమాచారం వాళ్లు దింపుకునే సదుపాయం సెట్టింగ్స్‌లో ఉంది, దాంట్లో గ్రూపుల్లో మీరు రాసినవి కూడా వస్తాయి. కానీ అడ్మిన్ అయినా సరే మిగతావాళ్లు రాసినవన్నీ ఒకేసారి దింపుకోలేరు. చేతితో చేసుకోవాల్సిందే. పదకొండేళ్ల గ్రూపు మొత్తం ఎవరివల్లా కాదు, అవసరమూ లేదు. మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఏవో మీకే తెలుసు, వాటికి ఉన్న మంచి జవాబులు ఓ రెండు వందలు ఏరండి. స్క్రీన్‌షాట్లు వద్దు, అక్షరాలుగానే కాపీ చేయండి, బొమ్మలో ఉన్న తెలుగు వెతికితే సరిగ్గా దొరకదు. ఎవరు రాశారో, ఏ నెలలో రాశారో, ఏ ఊరో తప్పకుండా వేయండి, తోటపనికి ఊరు, నెల లేకపోతే ఆ జవాబుకి విలువ లేదు. రాసినవాళ్లను అడిగి, సరే అంటేనే పెట్టండి. పెట్టడానికి ఒక మామూలు బ్లాగు చాలు. గూగుల్‌లో "బీర పిందె రాలిపోతోంది" అని వెతికినవాళ్లకు మీ ఫేస్‌బుక్ చర్చ కనిపించే అవకాశం తక్కువ, గ్రూపు ప్రైవేటు అయితే అసలే లేదు. బ్లాగు కనిపిస్తుంది. ఆ బ్లాగు పేజీలను ఇంటర్నెట్ ఆర్కైవ్‌వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో కూడా ఒకసారి భద్రపరచండి, రేపు బ్లాగు పోయినా అక్కడుంటాయి. కొందరు వికీపీడియాలో పెట్టమంటారు, అక్కడ సొంత అనుభవాలు రాయకూడదు, ఒప్పుకోరు.

నేను ఇలా ఒక పాత బ్లాగుల సమూహం రాతలు ఏరి పెట్టాను. ముగ్గురం, వారానికి రెండు గంటలు, ఏడు నెలలు పట్టింది.


మగ్గంచప్పుడు (మంగళగిరి)

నకలుప్రతి గారూ, ఊరు, నెల అన్నది భలే చెప్పారు. మా రంగుల అద్దకం కూడా అంతే, నీళ్లను బట్టి మారుతుంది. మా నాన్నకి తెలిసినవి కూడా ఇలా రాసి పెట్టాలని ఇవాళే అనిపించింది.


పాతసైకిల్ (హైదరాబాద్)

వారానికి రెండు గంటలు నేను ఇస్తాను. తోటపని తెలియదు గానీ టైపింగు వేగంగా చేస్తాను, తప్పులు దిద్దుతాను.


పెరటిగుమ్మం (కాకినాడ)

మూడు రోజుల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి ఏమీ అనుకోకండి. ఈ మూడు రోజులూ ఇదే పని మీద ఉన్నాను.

మాస్టారి అబ్బాయి నంబరు మా పాత సభ్యురాలు ఒకరి దగ్గర దొరికింది. గుంటూరులో ఉంటున్నాడు. నకలుప్రతి గారు భయపడినట్టే జరిగేది. పోయిన నెలలోనే వాళ్లింట్లో అకౌంటు తీసేయించాలని అనుకున్నారట, ఎవరో నాన్న పేరుతో డబ్బులడుగుతూ మెసేజ్‌లు పెట్టారని. సిద్దిపేట ఆవిడ రాసింది చదివి వినిపించాను. అతను కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నాన్న ఫోను పట్టుకుని కూర్చుంటే మేము కోప్పడేవాళ్లమండీ, ఇదా ఆయన రాసేది" అన్నాడు. అకౌంటు స్మారకంగా మార్చడానికి కావలసిన కాగితాలు పంపుతున్నాడు. నాన్నగారు రాసినవన్నీ ఎక్కడ పెట్టుకున్నా అభ్యంతరం లేదన్నాడు, చివర్లో ఒక కాపీ తనకూ పంపమన్నాడు.

సిద్దిపేట ఆవిడకు కూడా జవాబు రాశాను. మాస్టారు లేరని చెప్పడం ఎలాగా అని రెండు రోజులు ఆలోచించి, ఉన్నదున్నట్టు రాశాను. ఆవిడ ఆ ఆరు కాయల్లో ఒకదాన్ని విత్తనానికి ఉంచేశానని, ఎండాక ఎవరడిగినా పంపుతానని రాసింది. చాలా రోజుల తర్వాత ఆ పోస్టు కింద నలభైమంది దాకా వచ్చి చిరునామాలు పెట్టారు, చిరునామాలు బయట రాయొద్దని చెప్పడానికి పాత రోజుల్లోలా పరిగెత్తుకు రావలసి వచ్చింది.

మా స్నేహితురాలితో కూడా మాట్లాడాను. గ్రూపు ఆపడం లేదు. శుభోదయాలు, ప్రకటనలు కట్ చేస్తున్నాం, ప్రతి పోస్టూ మేము చూశాకే వస్తుంది, కొత్తగా ఇద్దరిని అడ్మిన్లుగా తీసుకుని తనకు ఆరు నెలలు సెలవిచ్చాం. మగ్గంచప్పుడు గారు చెప్పిన రెండంచెల తాళం నలుగురం పెట్టుకున్నాం. వాట్సాప్ గ్రూపు కూడా పెడుతున్నాం, కాకినాడ చుట్టుపక్కలవాళ్లకు మాత్రమే, నారు, ఎరువు చేతులు మార్చుకోవడానికి. బ్లాగు మొదలైంది, పదిహేడు జవాబులు ఎక్కించాం, పాతసైకిల్ గారు ఇప్పటికే తొమ్మిది దిద్దారు.

లైవ్ వీడియోలు మాత్రం పోయాయండీ. మాస్టారు 2019లో మందారానికి అంటుకట్టడం చూపించినది ఒకటి, సంక్రాంతి ముందు విత్తనాల కాయలు ఎలా ఎండబెట్టాలో చెప్పినది ఒకటి, రెండూ దొరకలేదు. వీటిని ఎవరైనా అప్పట్లో ఫోనులో దింపుకుని ఉంటే, పాత మెమరీ కార్డుల్లో ఒకసారి వెతికి చెప్పండి. మందారం వీడియోలో ఆయన నీలం చొక్కా వేసుకుని ఉంటారు, వెనకాల గోడ మీద బచ్చలి తీగ ఉంటుంది.